పిక్కబలం లేని పరుగు

భారత జీడిపప్పుకు 2030 నాటికి ప్రపంచ విపణిలో మేలిరకం సరకుగా పేరు తెస్తామని, ముడి జీడిపిక్కల ఉత్పత్తిలోను, శుద్ధిలోను దేశాన్ని స్వయంసమృద్ధం చేస్తామని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2026-27 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. కోకోతోపాటు జీడిమామిడికీ ఒక ప్రత్యేక కార్యక్రమం చేపట్టాలన్న ఆ సంకల్పం ఆహ్వానించదగినదే. ఎన్నో ఏళ్ళుగా పట్టించుకొనే నాథుడు లేక కునారిల్లుతున్న పంటకు బడ్జెట్ ప్రసంగంలో చోటు దక్కడమే విశేషం. అయితే, ఎగుమతుల పందెంలో భారత్ ఎందుకు వెనకబడిందో నిజాయతీగా తెలుసుకోకుండా గడువులు పెట్టుకొని పరుగు తీస్తే గమ్యం చేరడం కల్ల. జీడిపప్పు పరిశ్రమకు నేడు కొరవడినది పేరు కాదు, పిక్క. దేశంలోని కర్మాగారాలకు కావలసిన ముడి సరకులో సగానికి పైగా సముద్రాలు దాటి రావలసి వస్తున్నదంటే, ఈ పరుగు ఎవరి బలం మీద సాగుతున్నదో వేరే చెప్పనక్కరలేదు.

జీడిమామిడి పుట్టిల్లు బ్రెజిల్. పదహారో శతాబ్దిలో పోర్చుగీసువారు దానిని పశ్చిమ తీరానికి తెచ్చారు. తీరప్రాంతపు నేల కోతను అరికట్టడానికి పనికివచ్చిన ఆ చెట్టు గింజలోని విలువను గుర్తించి, దానిని ప్రపంచ వాణిజ్యపు సరకుగా తీర్చిదిద్దిన ఘనత మాత్రం భారతీయులదే. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లోనే కేరళలోని కొల్లం కేంద్రంగా ఈ పరిశ్రమ వేళ్ళూనుకొంది. కాల్చడం, కొట్టడం, ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడు కట్టడం అనే అంచెలన్నింటినీ వేలాది స్త్రీల చేతి నైపుణ్యం మీద నిలబెట్టి, పప్పును డబ్బాల్లో నింపి అమెరికా, ఐరోపాలకు పంపే పద్ధతిని ప్రపంచానికి నేర్పింది భారతదేశమే. ఎగుమతుల ప్రోత్సాహానికి 1955లోనే ప్రత్యేక మండలి ఏర్పడింది. కొల్లం చాలాకాలం ప్రపంచ జీడిపప్పు రాజధానిగా వెలుగొందింది. మన రాష్ట్రంలో పలాస-కాశీబుగ్గ, కోనసీమలోని మోరి, వేటపాలెం, తమిళనాడులో పణ్రుట్టి, ఆ దారిలోనే శుద్ధి కేంద్రాలుగా ఎదిగాయి.

ఆ వైభవం నేడు గతించిన వైభవం. 2006లో వియత్నాం జీడిపప్పు ఎగుమతుల్లో భారత్‌ను దాటి మొదటి స్థానానికి చేరింది. ఆ తరువాత వెనుదిరిగి చూడలేదు. 2014-15లో భారత్ 1.18 లక్షల టన్నుల పప్పును ఎగుమతి చేసి రూ.5,400 కోట్లకు పైగా ఆర్జించగా, నాలుగేళ్ళు తిరిగేసరికి, 2018-19 నాటికి ఆ పరిమాణం 67 వేల టన్నులకు పడిపోయింది. 2023-24లో మన ఎగుమతి ఆదాయం 34 కోట్ల డాలర్ల ప్రాంతంలో ఉండగా, 2023లో వియత్నాం ఆదాయం 360 కోట్ల డాలర్లను మించింది. మరుసటి ఏడాది అది 400 కోట్ల డాలర్లను కూడా దాటింది. 1990ల తొలినాళ్ళ దాకా ముడి పిక్కలను భారత్‌కు అమ్ముకొన్న దేశం నేడు భారత్‌కు పదింతలు పప్పును అమ్ముతున్నదంటే గురువును మించిన శిష్యుడన్న మాట అక్షరాలా నిజమైందన్నమాట.

వియత్నాం విజయానికి ముడి సరకు సమృద్ధే కారణమనుకొంటే పొరపాటు. తన కర్మాగారాలకు కావలసిన పిక్కల్లో అత్యధిక భాగాన్ని ఆ దేశమూ ఆఫ్రికా నుంచి, పొరుగునున్న కంబోడియా నుంచి దిగుమతి చేసుకొంటున్నది. తేడా అంతా ఆ పిక్కలతో ఏం చేస్తున్నదన్న దానిలో ఉంది. పిక్క కొట్టే యంత్రాలను, పొట్టు తీసే యంత్రాలను, రంగును బట్టి పప్పును వేరుచేసే యంత్రాలను వియత్నాం స్వయంగా తయారు చేసుకొంది. తక్కువ మందితో, తక్కువ ఖర్చుతో, పెద్ద పరిమాణంలో ఒకే నాణ్యత గల సరకును గడువుకు అందించగలిగింది. విదేశీ కొనుగోలుదారుకు కావలసింది అదే. మన దేశంలో చేతితో కొట్టిన పప్పు విరగకుండా గుండుగా వస్తుందన్న మాట నిజమే. కానీ, ఆ మేలుకు అయ్యే ఖర్చును భరించి కొనే విదేశీ వర్తకులు ఏటేటా తగ్గిపోయారు. యంత్రాలు మెరుగయ్యే కొద్దీ ఆ ఒక్క ఆధిక్యమూ కరిగిపోయింది.

ఇప్పుడు అంతకంటె పెద్ద మార్పు ఆఫ్రికాలో వస్తున్నది. ప్రపంచంలో ముడి జీడిపిక్కల ఉత్పత్తిలో నేడు అగ్రస్థానం ఐవరీ కోస్ట్‌ది. ఏటా 10 లక్షల టన్నులకు అటూ ఇటూగా పండిస్తున్న ఆ దేశం ఒకప్పుడు దాదాపు మొత్తం పంటను ముడిగానే భారత్‌కు, వియత్నాంకు అమ్ముకొనేది. ఇప్పుడు స్వదేశంలోనే కర్మాగారాలకు రాయితీలిచ్చి, పన్ను మినహాయింపులిచ్చి, పంటలో తొలి కొనుగోలు అవకాశం వాటికే కల్పించి శుద్ధి పరిశ్రమను పెంచుకొంటున్నది. బెనిన్ మరో అడుగు ముందుకు వేసి 2024 ఏప్రిల్ నుంచి ముడి పిక్కల ఎగుమతినే నిలిపివేయాలని నిర్ణయించుకొంది. టాంజానియాలో 2018లో వర్తకులు ధర తగ్గించి అడిగారన్న ఆగ్రహంతో అప్పటి అధ్యక్షుడు మగుఫులీ ఏకంగా సైన్యాన్ని దించి పంటను కొనిపించారు. ఎగుమతి ఆదాయంలో సింహభాగం జీడిపిక్కల మీదే ఆధారపడ్డ గినీ బిస్సావ్ వంటి పేద దేశాలూ నేడు అదే దారి చూస్తున్నాయి.

ఆఫ్రికా దేశాల ఈ ఆలోచనను తప్పుపట్టే నైతిక హక్కు మనకు లేదు. ముడి సరకు అమ్ముకొని తయారీ సరకు కొనుక్కొనే దుస్థితి నుంచి బయటపడాలని ఒకనాడు మనమూ తపించినవాళ్ళమే. 1970ల తొలినాళ్ళలో ప్రపంచంలోనే పెద్ద ఉత్పత్తిదారుగా ఉన్న మొజాంబిక్ ఆ తరువాత అంతర్యుద్ధంలో చితికిపోయింది. తేరుకొనే వేళకు, 1990ల మధ్యలో, ముడి పిక్కల ఎగుమతి సుంకాన్ని తగ్గించాలంటూ ప్రపంచ బ్యాంకు ఒత్తిడి తెచ్చింది. రైతుకు మంచి ధర వస్తుందన్నది అప్పుడు వినిపించిన వాదన. తీరా జరిగింది వేరు. అక్కడి కర్మాగారాలు ఒకటొకటిగా మూతపడి వేలాది కార్మికులు వీధిన పడ్డారు. ఆ పిక్కలు వచ్చి చేరింది మన రేవులకే. కొల్లం కార్మికురాలికి ఆనాడు దొరికిన పనిదినాలు మొజాంబిక్ కార్మికురాలు పోగొట్టుకొన్న పనిదినాలేనన్న చేదు నిజాన్ని మరచిపోరాదు. కాలచక్రం తిరిగి, ఇప్పుడు ఆ వంతు మనకు వస్తున్నది.

ముడి పిక్కల కరవు మనకు కొత్తదేమీ కాదు. తూర్పు ఆఫ్రికా దేశాలు సొంత కర్మాగారాలు పెట్టుకొన్నప్పుడు, 1970లలోనే కొల్లం ఈ దెబ్బ రుచి చూసింది. దిగుమతులన్నీ ఒకే సంస్థ ద్వారా జరగాలంటూ కేంద్రం 1970లో ప్రత్యేకంగా ఒక కార్పొరేషన్‌నే నెలకొల్పింది. స్వదేశంలో సాగు పెంచడానికి 1966లోనే కొచ్చిలో ఒక డైరెక్టరేటు, 1986లో కర్ణాటకలోని పుత్తూరులో జాతీయ పరిశోధన కేంద్రం ఏర్పాటయ్యాయి. అర్ధ శతాబ్ది కిందటే వ్యాధి ఏమిటో తెలిసింది. మందూ తెలిసింది. అయినా, దిగుమతి తేలికగా దొరికినన్నాళ్ళు స్వదేశీ తోటల సంగతి పాలకులు మరిచారు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వే ఆలోచన చేయడం మన ప్రణాళికలకు పరిపాటిగా మారింది.

దేశంలో సుమారు 11 లక్షల హెక్టార్లలో జీడిమామిడి తోటలున్నాయి. విస్తీర్ణంలో మనం ఎవరికీ తీసిపోము. కానీ దిగుబడి హెక్టారుకు 700 కిలోల దరిదాపుల్లోనే కొట్టుమిట్టాడుతున్నది. వియత్నాంలో అది టన్నును దాటింది. మన తోటల్లో చాలా భాగం ఒకప్పుడు బంజరు నేలల్లో, కొండవాలుల్లో, నేల కోతను ఆపడానికి పిక్క నాటి పెంచినవే. మేలు రకపు అంట్లు కావు. వయసు మళ్ళిన ఆ చెట్లకు ఎరువు లేదు, కొమ్మ కత్తిరింపు లేదు. పూత మీద తేయాకు దోమ, కాండం మీద వేరుపురుగు దాడి చేస్తే అడ్డుకొనే దిక్కు లేదు. బాపట్ల పరిశోధన కేంద్రం రూపొందించిన బీపీపీ-8 వంటి రకాలు నిరూపితమైనవే అయినా, అంటు మొక్కలు సన్నకారు రైతు గడపకు చేరినది తక్కువ. ఎనిమిది లక్షల టన్నుల లోపు స్వదేశీ పంటను, అంతకు రెట్టింపునకు పైబడిన కర్మాగారాల సామర్థ్యాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే సమస్య లోతు తెలుస్తుంది.

ఇక్కడే బడ్జెట్ గడువును ఒకసారి వేళ్ళమీద లెక్కించాలి. మేలు రకపు అంటు మొక్కను 2026 తొలకరిలో నాటితే తొలి కాపు మూడో ఏట కనిపిస్తుంది. చెప్పుకోదగిన దిగుబడి రావడానికి ఎనిమిది నుంచి పదేళ్ళు పడుతుంది. అంటే 2030 నాటికి ఆ తోట ఇంకా బాల్యంలోనే ఉంటుంది. చెట్టుకు ఆర్థిక మంత్రిత్వ శాఖ గడువులు తెలియవు. నాలుగేళ్ళలో స్వయంసమృద్ధి అన్న మాట అందువల్ల వ్యవసాయశాస్త్రానికి పొసగదు. ప్రభుత్వం 2030ని తోటల పునరుద్ధరణకు తొలి మజిలీగా మాత్రమే చూడాలి. ఈలోగా పాత తోటల్లో పై కొమ్మలు నరికి అంటు కట్టే పద్ధతిని, పురుగుల నివారణను, ఎరువుల వాడకాన్ని విస్తృతంగా చేపడితే మాత్రం నాలుగేళ్ళలోనే కొంత ఫలితం కనిపిస్తుంది. కొత్త తోట కాపుకు వచ్చేదాకా రైతు ఏం తిని బతకాలన్న ప్రశ్నకు కూడా కార్యక్రమంలోనే జవాబు ఉండాలి. అంతర పంటలకు, నిర్వహణకు ఏటా నేరుగా సాయం అందని పక్షంలో, కాస్తో కూస్తో కాస్తున్న ముసలి చెట్టును నరికే సాహసం ఏ రైతూ చేయడు.

ఈ మాటకు నిదర్శనం దూరంగా ఎక్కడో వెతకనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో 2018 అక్టోబరులో విరుచుకుపడ్డ తిత్లీ తుపాను కొబ్బరి, జీడిమామిడి తోటలను వేళ్ళతో సహా పెకలించివేసింది. తరాల పాటు కుటుంబాలను పోషించిన చెట్లు ఒక్క రాత్రిలో నేలకూలాయి. మూత్రపిండాల వ్యాధితో అప్పటికే కుంగిన ఆ ప్రాంతానికి అది గోరుచుట్టుపై రోకటిపోటు. నాడు నాటిన మొక్కలు నేడు కాపుకు వస్తూ ఉండాలి. మొక్కతోపాటు నీరు, ఎరువు, పెట్టుబడి సమకూర్చుకోగలిగినవారి తోటలే తేరుకొన్నాయి. పక్కనే పలాసలో పరిశ్రమ ఉంది. తోటకూ కర్మాగారానికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. అయినా ఆ కర్మాగారాలు సంవత్సరంలో ఎక్కువ కాలం నడవాలంటే ఆఫ్రికా ఓడ కోసం ఎదురుచూడవలసిందే.

విచిత్రమేమంటే, పిక్కలు చాలవని పరిశ్రమ వాపోతున్న చోటనే పిక్కలకు ధర లేదని రైతు రోడ్డెక్కుతున్నాడు. 80 కిలోల బస్తాకు గిట్టుబాటు ధర నిర్ణయించాలని ఉద్దానం రైతులు సంవత్సరాలుగా కోరుతున్నారు. వేరుశనగకు కేంద్రం ఏటా కనీస మద్దతు ధర ప్రకటిస్తున్నది. 2025-26కు అది క్వింటాలుకు రూ.7,263. జీడిపిక్కలకు ఆ రక్షణ లేదు. మన పంట చేతికి వచ్చేది ఫిబ్రవరి నుంచి మే వరకు. పశ్చిమ ఆఫ్రికా పంట కాలమూ దాదాపు అదే. దిగుమతి సరకు ధరను చూపి స్థానిక వర్తకుడు రైతును బేరమాడుతున్నాడు. అప్పు తీర్చవలసిన రైతు వచ్చిన ధరకు తెగనమ్ముకొంటున్నాడు. అదే పిక్క కొన్ని నెలల తరువాత ఎక్కువ ధర పలికితే ఆ లాభం గోదాము ఉన్నవాడికే దక్కుతున్నది.

దీనికి విరుగుడుగా దిగుమతి సుంకం పెంచాలన్న వాదన రైతు సంఘాల నుంచి వినవస్తున్నది. రద్దు చేయాలన్న వాదన పరిశ్రమ నుంచి వస్తున్నది. కేంద్రం ఈ రెంటి మధ్యా ఊగిసలాడింది. 2016లో ముడి పిక్కలపై 5 శాతం సుంకం వేసింది. 2018లో దానిని 2.5 శాతానికి తగ్గించింది. ఆ సుంకం వల్ల స్వదేశీ రైతుకు ఒరిగినది శూన్యం. సగానికి పైగా సరకు బయటినుంచి తెచ్చుకోక తప్పని స్థితిలో సుంకం పెంచితే కర్మాగారం మూతపడుతుంది. కర్మాగారం మూతపడితే రైతు పిక్కను కొనేవాడే ఉండడు. రైతును కాపాడవలసింది రేవులో కాదు, ఊరిలో. జీడిపిక్కలకు మద్దతు ధర ప్రకటించి, ధర పడిపోయినప్పుడు సహకార సంఘాల ద్వారా కొనుగోలు చేయాలి. బాగా ఎండిన పిక్క నెలల తరబడి నిల్వ ఉంటుంది. కాబట్టి గోదాములో పెట్టిన సరకుపై రసీదు ఇచ్చి, దానిపై బ్యాంకు రుణం ఇప్పిస్తే రైతు ధర వచ్చేదాకా ఆగగలడు. టాంజానియా 2007 నుంచి ఇటువంటి రసీదు పద్ధతిని, వేలం పద్ధతిని అమలు చేస్తున్నది. చెల్లింపుల జాప్యం వంటి లోపాలు అక్కడ తలెత్తిన మాట వాస్తవమే. వాటిని చూసి జాగ్రత్తపడవచ్చు గాని, ఆలోచననే తోసిపుచ్చనక్కరలేదు.

పిక్కల వర్తకంలో మరో సూక్ష్మం ఉంది. అంతర్జాతీయ విపణిలో ముడి పిక్కల ధర తూకాన్ని బట్టి మాత్రమే తేలదు. 80 కిలోల బస్తా నుంచి ఎన్ని పౌన్ల మంచి పప్పు వస్తుందన్నదే కొలమానం. 48 పౌన్లు వస్తే ఒక ధర, 52 పౌన్లు వస్తే మరో ధర. సుమారు నాలుగు కిలోల పిక్కలకు ఒక కిలో పప్పు రావడం పరిపాటి. పచ్చి పిక్కలను కోసి, ఆరబెట్టకుండా అమ్మితే ఆ రాబడి పడిపోతుంది. మన గ్రామాల్లో ఇంకా తూకమే కొలమానం కావడంతో బాగా ఆరబెట్టిన రైతు బరువు నష్టపోతున్నాడు, తడి పిక్కలు అమ్మినవాడు లాభపడుతున్నాడు. ఒక్కో కొనుగోలు కేంద్రంలో పిక్కలను కోసి చూసే పరీక్షను, తేమ కొలిచే పరికరాన్ని ప్రవేశపెట్టి, నాణ్యతకు ధర కట్టే పద్ధతి అమలు చేస్తే రైతుకూ పరిశ్రమకూ మేలు కలుగుతుంది. కోట్ల రూపాయల పథకాలకంటె ఈ చిన్న మార్పే ఎక్కువ ఫలితమిస్తుంది.

ఈ లెక్కలన్నింటి మధ్య నలిగిపోతున్నది కార్మికురాలు. జీడి కర్మాగారాల్లో పనిచేసేవారిలో అత్యధికులు స్త్రీలు. పిక్క పెంకులోని జీడి తగిలి వేళ్ళు నల్లబడి, చర్మం ఊడిపోయినా బూడిద రాసుకొని పని చేసుకుపోవడం వారికి అలవాటైపోయింది. కొట్టిన పప్పు బరువును బట్టి కూలి. పిక్కలు లేని రోజు పని లేదు, పని లేని రోజు కూలి లేదు. కేరళలో గత దశకంలో వందల కర్మాగారాలు మూతపడినప్పుడు వేలాది ఇళ్ళలో పొయ్యి వెలగని స్థితి ఏర్పడింది. వేతనాలు ఎక్కువైనందునే కేరళ పోటీలో ఓడిందని కొందరు యజమానుల వాదన. చాలీచాలని కూలి మీద నిలబడిన పోటీ ఎంతోకాలం సాగదన్న సంగతి వారు గుర్తించాలి. యంత్రాలు రాక తప్పవు. రావాలి కూడా. వేళ్ళు కాల్చుకొనే పనిని యంత్రం చేయడంలో నష్టమేమీ లేదు. అయితే యంత్రానికి రాయితీ ఇచ్చే ప్రభుత్వం, ఆ యంత్రం వల్ల పని పోయే స్త్రీకి గ్రేడింగు, ప్యాకింగు, వేయించిన పప్పుల తయారీలో శిక్షణ, ఉద్యోగం కల్పించాలన్న షరతును కూడా విధించాలి. కార్మికుల స్థితిగతులపై ఐరోపా కొనుగోలుదారులు ధ్రువపత్రాలు అడుగుతున్న రోజులివి. చేతి తొడుగు ఇవ్వడం ఇక దయ కాదు, వ్యాపార అవసరం.

నాణ్యత విషయంలో ఉదాసీనత ఎంత ప్రమాదకరమో వేరుశనగ అనుభవం నేర్పుతున్నది. 2023-24లో భారత్ 6.8 లక్షల టన్నుల వేరుశనగను ఎగుమతి చేసి 86 కోట్ల డాలర్లు ఆర్జించింది. అంటే జీడిపప్పు ఆదాయానికి రెట్టింపు పైచిలుకు. అందులో అధిక భాగం ఆగ్నేయాసియాకే వెళుతున్నది. నేరుగా తినే వేరుశనగలో బూజు విషమైన అఫ్లటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు మించరాదన్న ఐరోపా నిబంధనను మన సరకు తట్టుకోలేకపోవడమే ఇందుకు ఒక కారణం. 2025 సెప్టెంబరులో ఇదే విషం ఎక్కువైందంటూ ఇండొనేషియా సైతం మన వేరుశనగ దిగుమతిని నిలిపివేసింది. ఈ బూజు గోదాములో మాత్రమే పుట్టదు. గింజ గట్టిపడే దశలో బెట్ట తగిలితే చేనులోనే మొదలవుతుంది. అనంతపురం వంటి కరవు సీమలో చివరి తడికి నీరు అందకపోవడమంటే దిగుబడి తగ్గడమే కాదు, విదేశీ విపణి తలుపు మూసుకుపోవడం కూడా. ఎగుమతి నాణ్యత రేవులోని ప్రయోగశాలలో తయారు కాదు, చేనులో, కళ్ళంలో తయారవుతుందన్న పాఠం జీడిపప్పుకూ వర్తిస్తుంది.

ఇక విపణుల సంగతి. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. వియత్నాంపై అది 20 శాతమే. ఆ ఒక్క తేడాతో అమెరికా వర్తకులు మన సరకు వంక చూడడమే మానేశారు. అదే ఏడాది నవంబరులో, ధరల మంట తాళలేక, తమ దేశంలో పండని కొన్ని వ్యవసాయోత్పత్తులను ప్రతీకార సుంకాల నుంచి అమెరికాయే తప్పించింది. ఒక అధ్యక్షుడి సంతకంతో వచ్చి మరో సంతకంతో పోయే సుంకాలను నమ్ముకొని ఏ పరిశ్రమా ప్రణాళిక వేసుకోలేదు. 2022 మేలో అమలులోకి వచ్చిన ఒప్పందంతో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ మనకు దగ్గరైంది. జపాన్ మన పప్పు నాణ్యతను ఏనాటి నుంచో ఆదరిస్తున్నది. ఒక్క విపణి మీద ఆధారపడకుండా గల్ఫ్, తూర్పు ఆసియా, బ్రిటన్, ఐరోపాలకు సరకును విస్తరించడమే వివేకం.

అయితే అన్నింటికంటె పెద్ద విపణి మన ఇంటనే ఉంది. జీడిపప్పును ప్రపంచంలో అందరికంటె ఎక్కువగా తింటున్నది భారతీయులే. మిఠాయి దుకాణం నుంచి పెళ్ళి విందు దాకా, దేవుడి ప్రసాదం నుంచి హోటలు కూర దాకా జీడిపప్పు లేనిదే జరగడం లేదు. స్వదేశంలో మంచి ధర వస్తున్నప్పుడు వర్తకుడు విదేశానికి పంపడానికి ఉత్సాహపడడు. ఎగుమతులు తగ్గడానికి ఇదీ ఒక ముఖ్య కారణమే. అందువల్ల ఎగుమతి అంకెలు తగ్గాయన్న ఒక్క కారణంతో పరిశ్రమ చచ్చిపోయిందనడం సరికాదు. కానీ ఈ ఇంటి విపణి మీద కూడా వియత్నాం కన్ను పడింది. అందుకే 2019లో కేంద్రం పప్పు దిగుమతి సుంకాన్ని 45 నుంచి 70 శాతానికి పెంచింది. కనీస దిగుమతి ధరనూ హెచ్చించింది. అయినా వేరే పేర్లతో, పశువుల దాణా అనే ముసుగులో పప్పు దేశంలోకి వస్తున్నదని పరిశ్రమ వర్గాలు పదే పదే ఫిర్యాదు చేశాయి. గోడ ఎంత ఎత్తు కట్టినా గుమ్మం తీసి ఉంచితే ప్రయోజనం లేదు.

పేరు తెచ్చుకోవడం ఎలాగో నేర్చుకోవాలంటే అమెరికాలోని కాలిఫోర్నియా బాదం రైతులను చూడాలి. వారు పండించిన ప్రతి పౌను మీద కొంత రుసుము చెల్లించి 1950లో ఏర్పడిన తమ మండలిని నడుపుకొంటున్నారు. పరిశోధన, నాణ్యత, ప్రచారం అన్నీ దాని పనే. ఫలితంగా కాలిఫోర్నియా బాదం నేడు భారతీయుల వంటింట్లో నిత్యావసరమైంది. పుట్టినిల్లు మనదని చెప్పుకొనే జీడిపప్పు మాత్రం నేటికీ పేరూ ఊరూ లేకుండా పెద్ద డబ్బాల్లో విదేశాలకు వెళుతున్నది. దానిని అక్కడ వేయించి, ఉప్పు కారం చల్లి, చిన్న పొట్లాలు కట్టి అమ్ముకొనేవారికే అసలు లాభం దక్కుతున్నది. పెంకు నుంచి తీసే నూనె బ్రేకు లైనింగుల్లో, రంగుల్లో, రెసిన్లలో పనికివస్తుంది. గోవాలో జీడిమామిడి పండు నుంచి తయారయ్యే ఫెనీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిగిలిన ప్రాంతాల్లో పండు చెట్టు కిందనే కుళ్ళిపోతున్నది. పిక్కలో, పెంకులో, పండులో ఉన్న విలువనంతా రాబట్టుకోగలిగితేనే ఖరీదైన ముడి సరకుతో నెగ్గుకురావడం సాధ్యమవుతుంది.

కేంద్రం తలపెట్టిన కార్యక్రమం అంకెల ప్రకటనగా మిగిలిపోకూడదంటే దాని కొలమానాలు మారాలి. ఎన్ని కోట్లు కేటాయించారన్నది కాదు, ఎన్ని హెక్టార్ల పాత తోటలు పునరుద్ధరణకు నోచుకొన్నాయి, ఎన్ని గ్రామాల్లో నాణ్యతను బట్టి ధర దక్కింది, ఎందరు కార్మిక స్త్రీలకు ఏడాది పొడవునా పని లభించింది అన్నవే ప్రశ్నలు కావాలి. మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, ఒడిశా, కేరళ, కర్ణాటక, తమిళనాడు, గోవా ప్రభుత్వాలను ఒక్క వేదిక మీదకు తెచ్చి, ఒక దశాబ్దం పాటు మారని సుంకాల విధానాన్ని ప్రకటించాలి. ఆఫ్రికా దేశాలతో ముడి సరకు బేరాలకు బదులు అక్కడి కర్మాగారాల్లో భాగస్వామ్యానికి, యంత్రాల సరఫరాకు చేయి చాచాలి. వారి ఎదుగుదలను అడ్డుకోవడం మన వశం కాదు, ఆ ఎదుగుదలలో పాలుపంచుకోవడం మాత్రం మన వశమే.

ఆఫ్రికా తలుపులు పూర్తిగా మూసుకుపోయేదాకా ఎదురుచూడడం చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడమే అవుతుంది. పలాస, కొల్లం కార్మిక స్త్రీల చేతులు ఇప్పటికే కాలి ఉన్నాయి. ప్రపంచానికి జీడిపప్పు రుచి చూపింది ఆ చేతులే. వాటికి పనిని, తోట రైతుకు ధరను ఏకకాలంలో ఇవ్వగలిగిన విధానమే నిజమైన ఎగుమతి విధానం. తక్కినదంతా డబ్బా మీది కాగితం.